తేదీ దాటిన నిద్ర

ఎండిన చెరువు మట్టిలోంచి తవ్వి తీసిన నత్త రాయిలా ఉంటుంది. గుల్ల నోటికి మూత బిగించుకుని, లోపల ప్రాణం ఉందో లేదో తెలియనివ్వదు. పళ్లెంలో నీళ్లు పోసి అందులో వేస్తే కాసేపటికి మూత కాస్త కదులుతుంది. తర్వాత మెత్తటి పాదం నెమ్మదిగా బయటికి వస్తుంది. కాకినాడ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినన్నాళ్లూ ప్రతి ఏడాదీ పిల్లలకు అది చూపించేవాణ్ణి. అంతమందిలో రెహానా ఒక్కతే అడిగింది: "మాస్టారూ, లోపల దానికేదైనా జబ్బుంటే, ఆ జబ్బు కూడా నిద్రపోతుందా?"

నాకు తెలియదన్నాను. జవాబు కనుక్కోవడానికి ఆమెకు సగం జీవితం పట్టింది.

జబ్బు కూడా నిద్రపోతుంది. విశాఖపట్నంలోని ఆమె ప్రయోగశాలలో తయారైన మందుకు కాగితాల మీద స్థగిని అని పేరు. జనం నత్తమందు అన్నారు. సూది వేస్తే మనిషి ఒళ్లు చల్లబడుతుంది. ఊపిరి ఉందా అని వంగి చూడాల్సినంత నెమ్మదిస్తుంది. గోరు పెరగదు, పుండు పెరగదు, పూడుకుపోతున్న గుండె కవాటం అక్కడితో ఆగుతుంది. ఆపరేషన్ రోజుదాకా మనిషిని అలా ఉంచి, ఆ ఉదయం లేపి లోపలికి తీసుకెళ్లవచ్చు. ఒకటే చిక్కు. ఏ శరీరమైనా ఈ మందును ఒక్కసారే ఒప్పుకుంటుంది. లేచాక రెండోసారి వేస్తే ఒళ్లు తిరగబడి ప్రాణం తీస్తుంది.

ఉద్యోగ విరమణ తర్వాత నత్తలను పెంచే పనికి రెహానా పిలిస్తే వెళ్లాను. అప్పటికే నా భార్య శ్యామల గుండె ఆపరేషన్ కోసం ఎదురుచూస్తూ, ఇచ్చిన తేదీ రాకుండానే పోయింది. ఆస్పత్రి వరండాలో మా పక్క చాప మీది ఆవిడ రోజూ తన ఫ్లాస్కులోని వేణ్ణీళ్లు సగం మాకు వంచేది. మేము అడగకుండానే. అలాంటివాళ్లు ఉండబట్టి ఆ వరండాలో బతికాం గానీ, ఆ వరండా ఇంకెవరికీ రాకూడదనిపించింది.

అందుకే విశాఖ పెద్దాస్పత్రిలో, నత్తమందు వేసినవాళ్లను పడుకోబెట్టే మొదటి నిలుపు వార్డు తెరిచినప్పుడు, రోగి దగ్గర ఎవరూ ఉండనక్కర్లేదని మేమిద్దరం కలిసి నిర్ణయించాం. పడుకున్నవాళ్లకు అన్నం పెట్టాలా, నీళ్లు పట్టాలా? ఇంటివాళ్లు ఇంటికి వెళ్లి వెన్ను వాల్చనీ అనుకున్నాం. రెహానా కూడా ఒకప్పుడు తండ్రి మంచం కింద దుప్పటి పరుచుకుని పడుకున్న మనిషే. వార్డులో కుర్చీలు వేయించలేదు. బయట బల్లలు కూడా తీయించాం.

*

మా మరదలు హైమవతి రాజమండ్రి బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సులు చెప్పే మనిషి. శ్యామలకు చెల్లెలు. భర్త పోయాక ఆ జీతం మీదే కూతురు కిన్నెరను చదివించి పెళ్లి చేసింది. గుండె కవాటం పూడుకుపోతోందని డాక్టర్ల కంటే ముందు ఆవిడే కనిపెట్టింది.

"బావగారూ, 'ఏలేశ్వరం మీదుగా అడ్డతీగల' అనేసరికి మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వస్తోందండి. బస్సు కంటే నేనే లేటు."

ఆర్నెల్ల పైన తిరిగాం. ఒకసారి పరీక్ష చేసే యంత్రం పాడైంది, ఒకసారి చూసే డాక్టరు సెలవు. చివరికి ఏప్రిల్‌లో, జూన్ ఆఖరుకి ఆపరేషన్ అన్నారు. అప్పటికి ఆవిడ నాలుగు అడుగులు వేస్తే గోడ పట్టుకుంటోంది. జూన్‌దాకా గుండె తట్టుకోలేదని నేనే నత్తమందుకు ఒప్పించాను.

మంచం మీద పడుకుని కూడా ఆవిడ నోరు ఊరుకోలేదు.

"నత్తకి కలలొస్తాయాండీ?"

"అది నాకు చెప్పలేదు."

"మీరు అడిగుండరు. మా అక్కకి కలొస్తే కూడా అడిగేవారు కాదు." కిన్నెర వైపు చూసింది. కిన్నెరకు అప్పుడు అయిదో నెల. "దీని పురిటికి లేచి ఉంటానుగా?"

"జూన్‌లో నీ ఆపరేషన్, ఆగస్టులో దీని పురుడు. పథ్యం వంట నువ్వే చెయ్యాలి."

"నేనే చేస్తాను లెండి. మీ చేతి చారు తాగితే పుట్టే పిల్లాడు వెనక్కెళ్లిపోతాడు."

కిన్నెర నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. రెహానా సూది వేసింది. హైమ ఇంకేదో అనబోయి, సగంలో ఆగిపోయింది.

*

జూన్ ఆఖరున ఫోన్ వచ్చింది. తేదీ సెప్టెంబరుకు మారిందన్నారు.

ఆస్పత్రికి వెళ్లాను. గుండె ఆపరేషన్లు చేసేదీ, ఎవరిది ఎప్పుడో నిర్ణయించేదీ డాక్టర్ వామనమూర్తి. మంచివాడు. నిలబడి ఉంటే కుర్చీ వేయించాడు, తన సీసాలోంచే మంచినీళ్లు ఇచ్చాడు.

"ఆ కిటికీలోంచి చూడండి మాస్టారూ. ఆ నీలం చొక్కా కుర్రాడు పడుకుంటే ఊపిరాడక నెల్లాళ్లుగా కూర్చునే నిద్రపోతున్నాడు. వాళ్లమ్మ రోజూ నా కాళ్లు పట్టుకుంటోంది. మీ మరదలు హాయిగా పడుకుని ఉంది. ఈ నెలంతా పడుకున్నా ఆవిడకేం కాదు, వచ్చే ఏడాదిదాకా పడుకున్నా ఏం కాదు. మీరే చెప్పండి, ముందు ఎవరిని తీసుకెళ్లను?"

ఆయన స్థానంలో ఉంటే నేనూ ఆ కుర్రాడినే తీసుకెళ్లేవాణ్ణి. రేపు ఇంకో కుర్రాడు వస్తాడు, వాడినీ తీసుకెళ్లేవాణ్ణి.

"పడుకున్నవాళ్లలో జూన్‌లో ఎవరికైనా చేశారా?"

ఆయన తల దించుకున్నాడు. "మేలో కూడా చెయ్యలేదు."

తిరిగి వస్తూ నిలుపు వార్డు వైపు నడిచాను. వార్డు నిండిపోయి, మంచాలు పక్కనున్న కొత్త భవనంలోకి పాకాయి. అది మూడో ఆపరేషన్ హాలుగా కట్టినది. పైన పెద్ద దీపాలు బిగించి, వాటికి చుట్టిన ప్లాస్టిక్ కూడా ఇంకా విప్పలేదు. యంత్రాలు పెట్టెల్లోనే ఉన్నాయి. ఆ దీపాల కింద వరసగా మంచాలు వేసి మనుషులను పడుకోబెట్టారు. ఆ వరసలో హైమ ఉంది. చెంప మీద చెయ్యి వేస్తే కుండలో నీళ్లంత చల్లగా తగిలింది. ఆవిడ పక్కన కాసేపు కూర్చుందామని చూశాను. కూర్చోవడానికి ఏమీ లేదు.

వార్డంతా శుభ్రంగా ఉంది. ఏడుపు లేదు, మూలుగు లేదు, ఆయాతో తగువు లేదు. నర్సు ఒక్కతీ దూరంగా ఏదో అల్లుకుంటోంది. అంత ప్రశాంతమైన ఆస్పత్రిని నా జన్మలో చూడలేదు. భయం వేసింది.

*

ఆగస్టులో కిన్నెర మా ఇంటికే పురిటికి వచ్చింది. భర్త ఓడ మీద పనివాడు, ఎక్కడో సముద్రంలో ఉన్నాడు. మగపిల్లాడు పుట్టాడు.

డెబ్భై దగ్గరపడుతున్న మగవాడు బాలింతకు పథ్యం పెట్టడమంటే చుట్టుపక్కలవాళ్లకు ఎంత నవ్వులాటో చెప్పనక్కర్లేదు. మొదటిరోజు నా వంట చూసి పైవాటా రమణమ్మగారు నెత్తి కొట్టుకున్నారు. "బాలింతకి ఈ ముక్కల పులుసేంటండీ మాస్టారూ, మీరు కాలేజీలో కప్పల్ని కోసిన చేత్తో!" అంటూనే, బాలింతకు పెట్టే కాయం తానే చేసి తెచ్చిపెట్టారు. పిల్లాడికి నలుగు పెట్టి, కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోశారు. నాకు ఒళ్లంతా తేలికైంది. కానీ ఆవిడ పోస్తుంటే కిన్నెర అటు తిరిగి గోడవైపు పడుకుంది.

ఆవిడ వెళ్లాక అడిగింది. "పెదనాన్నా, అమ్మ వరసలో ఎక్కడుంది?"

"మళ్లీ మార్చారు, డిసెంబరు అంటున్నారమ్మా."

"అది కాదు నేనడిగింది. అమ్మ ముందు ఎంతమంది?"

చెప్పక తప్పలేదు. "మెలకువగా ఉన్నవాళ్లందరూ. ఇకమీదట రాబోయేవాళ్లు కూడా."

కిన్నెర పిల్లాడిని ఒళ్లో సర్దుకుని పాలకు పెట్టుకుంది. "అంటే మీరు అమ్మకి వైద్యం చెయ్యలేదు. అమ్మ నోరు మూయించారు," అంది.

ఆ మాటకు కోపం రాలేదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే దింపాను, అంతే. అది నిజమని అప్పటికే నాకు తెలుసు.

*

అక్టోబరులో, మందు వాడే దేశాల వైద్యులందరూ తెరల మీద కలిసే సమావేశం జరిగింది. రెహానా నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మేము వింటున్నదంతా యంత్రం తెలుగులోకి మార్చి చెవిలో చెబుతోంది.

కెనడా ఆయన మొదలుపెట్టాడు. మోకాలి చిప్పల కోసం, తుంటి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే జనం పత్రికలకు ఉత్తరాలు రాసి విసిగించేవారట. ఈ ఏడాది ఒక్క ఉత్తరం రాలేదట. ఐర్లండు ఆవిడ అత్యవసర విభాగం వరండాల్లో స్ట్రెచర్లు ఖాళీ అయ్యాయని ఫోటో చూపించింది. నిగనిగలాడే నేల. అందరూ చప్పట్లు కొట్టారు. వేచి ఉండటం వల్ల ఇక నష్టం లేదు కాబట్టి కొత్త ఆపరేషన్ హాళ్ల ఖర్చు వాయిదా వేశామని ఇంకొకాయన సంతోషంగా చెప్పాడు.

రెహానా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెన్ను కూడా ముట్టుకోలేదు.

చివర పోర్చుగల్ డాక్టరు తెల్మా మాట్లాడింది. "మా ఊళ్లో ఒక వడ్రంగి రెండు శీతాకాలాలు నిద్రలో ఉన్నాడు. వెన్ను ఆపరేషన్ బాగా జరిగింది. లేచి భార్యను పిలవమన్నాడు. ఆవిడ మొదటి శీతాకాలంలోనే పోయింది. ఎవరి మీదైనా ఫిర్యాదు చేస్తావా అని అడిగాను. ఎవరి మీద చెయ్యాలో మీరు చెప్పండి అన్నాడు." చేతిలోని కాగితం మడిచింది. "అందుకని నా వైపు నుంచి కూడా ఫిర్యాదులు లేవు."

తెరలు ఆరిపోయాయి. రెహానా లేచి నత్తల తొట్టె దగ్గరికి వెళ్లి నిలబడింది.

"మాస్టారూ, ఎదురుచూపులో ఉన్న బాధను తీసేశాం. ఎదురుచూపు మిగిలింది. ఆ బాధే అన్నాళ్లూ దాన్ని ముందుకు తోసిందని మనకెందుకు తోచలేదు?"

"మనం వరండాలో పడుకున్నవాళ్లం కదమ్మా. అది పోతే చాలనుకున్నాం."

"కుర్చీలు వేయిస్తాను. బల్లలు వేయిస్తాను. ఎవరి మనిషి పక్కన వాళ్లు కూర్చుంటారు."

"అది చాలదు."

"చాలదు," అంది ఆమె. తొట్టె అంచు గట్టిగా పట్టుకుంది. "లేపే మందు మన దగ్గరే తయారవుతోంది. ఇకనుంచి తేదీ చెప్పకుండా ఎవరినీ పడుకోబెట్టం. ఆ తేదీ దాటితే మరుసటి ఉదయం లేపేస్తాం. ఏ దేశమైనా సరే. ఒప్పుకోని వాళ్లకు మందు లేదు."

"లేపాక ఆపరేషన్ దొరక్కపోతే?"

"చచ్చిపోవచ్చు. డాక్టర్ల కళ్ల ముందు, ఇంటివాళ్ల కళ్ల ముందు. అప్పుడు ఎవరో ఒకరు సమాధానం చెప్పాలి." నా వైపు తిరిగింది. "మాస్టారూ, ఇది మన ఆస్పత్రిలో మొదలుపెడితే, అందరికంటే ముందు మన మనిషినే లేపాలి. హైమగారి తేదీ ఎప్పుడో దాటింది."

"తెలుసు."

"ఆవిడ ఒక్కరినీ డిసెంబరుదాకా ఉంచమంటే ఉంచుతాను. మీరడిగితే కాదనలేను."

అడగాలనిపించింది. శ్యామల పుట్టింటివాళ్లలో ఆవిడ ఒక్కతే మిగిలింది. ఆ చల్లటి చెంప గుర్తొచ్చింది. అలా ఉన్నంతకాలం ఆవిడ చావదు. అలా ఉన్నంతకాలం బతకదు కూడా.

"కిన్నెరను అడుగుతాను," అన్నాను.

కిన్నెర ఆలోచించలేదు. "లేపండి," అంది.

*

హైమ కళ్లు తెరిచేసరికి ఎదురుగా కిన్నెర, ఒళ్లో పిల్లాడు.

"ఎవరి పిల్లాడే?"

"నా కొడుకమ్మా. రెండో నెల వెళ్లి మూడో నెల వచ్చింది."

నేను చూస్తుండగా ఆ ముఖంలో ఏప్రిల్ పోయి అక్టోబరు వచ్చింది. చెయ్యి చాపి పిల్లాడి పాదం పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"పురుడెవరు పోశారు?"

"పెదనాన్న."

"అయ్యో నా తల్లీ," అంది. నవ్వింది, ఏడ్చింది, రెండింటికీ ఊపిరి చాలక దగ్గింది. తర్వాత నా వైపు చూసిన చూపులో నవ్వు లేదు. "నన్నడక్కుండా నా తేదీ ఎవరు మార్చారండీ?"

జరిగిందంతా చెప్పాను. దాచడానికి ఏమీ లేదు. మళ్లీ పడుకోబెట్టడం కుదరదనీ, గుండె ఎన్నాళ్లు తట్టుకుంటుందో తెలియదనీ కూడా చెప్పాను.

"బస్సు రద్దయితే జనానికి చెప్పాలండీ బావగారూ. తిట్టుకుంటారు, మైకు పగలగొడతామంటారు, అయినా చెప్పాలి. చెప్పకుండా అలా ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టకూడదు." చుట్టూ ఉన్న మంచాలు చూసింది. "వీళ్లందరిదీ ఇదేనా?"

"తేదీ దాటినవాళ్లని రేపటి నుంచి లేపుతారు."

"అయితే నన్నిక్కణ్ణుంచి బయటికి తీసుకెళ్లండి. వీళ్లు పడుకున్నది ఆపరేషన్ గదిలాగుందే. మనం తలుపు దగ్గరుందాం."

అలా ఆవిడను చక్రాల కుర్చీలో ఆ కొత్త హాలు తలుపు దగ్గర పెట్టాం. మరునాటికి అక్కడ ఇంకా కొందరు చేరారు. ఆ మర్నాటికి వరండా నిండిపోయింది. చాపలు, టిఫిన్ క్యారియర్లు, ఏడ్చే పిల్లలు, మూలిగే ముసలివాళ్లు, వాళ్లను చూసి సూపరింటెండెంటు గదికి పరుగెత్తే కొడుకులు, కోడళ్లు. నర్సు అల్లిక పక్కన పడేసింది. నేను ఏ వరండాను లేకుండా చెయ్యాలనుకున్నానో ఆ వరండాను నా చేతులతోనే మళ్లీ పరిచాను.

పొందూరు నుంచి వచ్చిన నేతపనివాడు తవిటయ్య లేచిన రెండో రోజు పోయాడు. కొడుకు ముఖలింగం వరండాలో నిలబడి, గొంతు చించుకుని సూపరింటెండెంటును పిలిచాడు. ఆయన వచ్చాడు. రాక తప్పలేదు. రెహానా కూడా వచ్చి ముఖలింగం ముందు నిలబడింది.

"మీ నాన్నగారిని లేపమన్నది నేను," అంది.

అతను ఆమెను కొడతాడేమో అనుకున్నాను. చెయ్యి లేచింది కూడా. మళ్లీ తనే దించుకున్నాడు. "నిన్నంతా నాతో మాటాడినాడమ్మా. మగ్గం అమ్మీవొద్దన్నాడు," అని గోడకు ఆనుకుని కూలబడిపోయాడు.

సూపరింటెండెంటు రెహానా మీద విరుచుకుపడ్డాడు. "ఇప్పుడు సంతోషమా మేడమ్? నిద్రలో ఉంటే బతికుండేవాడు."

"నిద్రలో ఎన్నాళ్లుంచేవారు?"

ఆయన పక్కకు తప్పుకోబోతే రెహానా అడ్డు నిలబడింది.

"మీ వెనక ఉన్న హాల్లో మంచాలు ఖాళీ అవుతున్నాయి. అది దేనికి కట్టారో దానికి తెరవండి."

"డాక్టర్లేరీ?"

ఆ గుంపులోంచి వామనమూర్తి ముందుకు వచ్చాడు. "నేనున్నాను. కాకినాడ నుంచి ఇద్దరు వస్తామంటున్నారు. అడిగితే నాలుగు నెలల కిందటే వచ్చేవాళ్లు. అడగాల్సిన అవసరం ఇన్నాళ్లూ ఎవరికీ కనపడలేదు. నాతో సహా."

ఆ సాయంత్రమే దీపాలకు చుట్టిన ప్లాస్టిక్ విప్పారు. ఆ వారంలోనే రెండు దేశాలు షరతు ఒప్పుకోం, మీ మందే వద్దు అని రాశాయి. ప్రయోగశాలకు వచ్చే డబ్బులో పెద్ద భాగం అలా పోయింది. రెహానా ఆ ఉత్తరాలు నాకు చూపించి, నత్తలకు మేత వేసి, మళ్లీ ఆస్పత్రికి వచ్చింది. తెల్మా మాత్రం షరతు ఒప్పుకున్నట్టు ఒక్క వాక్యం పంపింది.

*

హైమ వంతు రెండు వారాలకు, ఒక గురువారం వచ్చింది. కిందటి రెండు రోజులూ ఆవిడ పడుకోలేక కుర్చీలోనే ఉంది. పెదవులు నీలం తిరిగాయి. మాట్లాడొద్దని వామనమూర్తి గట్టిగా చెప్పాడు. స్ట్రెచర్ మీదికి ఎక్కించేటప్పుడు మాత్రం నన్ను వేలితో దగ్గరికి పిలిచింది.

"భయంగా ఉంది బావగారూ," అంది. ఆవిడ నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు.

"నాకూ భయంగానే ఉందమ్మా. ఇక్కడే ఉంటాను."

తలుపులు మూసుకున్నాయి. కిన్నెర పిల్లాడిని భుజాన వేసుకుని అటూ ఇటూ నడిచింది. నేను ఆ తలుపుల మీది గాజులో కనబడే వెలుతురునే చూస్తూ నిలబడ్డాను. ఎవరో నా చేతిలో టీ గ్లాసు పెట్టారు. చల్లారిపోయింది. ఇంకెవరో అది తీసుకుని వేడి టీ పెట్టారు. మధ్యాహ్నం దాటాక వామనమూర్తి ముసుగు దించుకుంటూ బయటికి వచ్చాడు.

"కొట్టుకుంటోంది," అన్నాడు. "కొత్త కవాటంతో బాగా కొట్టుకుంటోంది. ఆవిడ బతుకుతుంది మాస్టారూ."

కిన్నెర ఆ మాటే పిల్లాడి చెవిలో మళ్లీ చెప్పింది. రమణమ్మగారు ఎప్పుడొచ్చారో, పిల్లాడిని అందుకుని, కిన్నెరను ఇంటికి తీసుకెళ్లారు.

వరండా చివర ముఖలింగం ఉన్నాడు. తండ్రి కర్మ చేసి పొందూరు నుంచి తిరిగి వచ్చాడట. గుండు మీద తువ్వాలు కట్టుకుని, ఒక మంచం పక్కన స్టూలు లాక్కుంటున్నాడు.

"నువ్విక్కడేంటయ్యా?"

"ఈ ముసలమ్మకి నా అన్నోళ్లు ఎవులూ నేరట మేస్టారూ. పార్వతీపురం అవతల కొండ మీద ఊరంట. ఇయ్యాలే లేపినారు. సోమారం ఆపరేసనంట." మంచం మీది ముసలావిడ ఊపిరి కోసం వెతుక్కుంటూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. "మీ ఓళ్లది అయిపోనాది గదా, మీరు ఇంటికెల్లి తొంగోండి."

"నువ్వు పొద్దుటి నుంచి ఏమైనా తిన్నావా?"

లేదన్నట్టు తల ఊపాడు.

"వెళ్లి తినిరా. అందాకా నేనుంటాను."

అతను లేచాడు. నేను స్టూలు మంచానికి ఇంకాస్త దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. ముసలావిడ పేరు అడిగాను. ఆవిడ చెప్పింది.